మనం అడగని పుస్తకం

1927లో గాంధీజీ ఖాదీ యాత్ర చేస్తూ ఊరూరా తిరిగి, రక్తపోటు పెరిగి, మార్చిలో పడిపోయారు. విశ్రాంతి తప్పదని వైద్యులు పట్టుబట్టారు. అలా ఏప్రిల్‌లో చిక్కబళ్లాపురం దగ్గరి మన నంది కొండకు వచ్చారు. 1478 మీటర్ల ఎత్తున, మండు వేసవిలోనూ చల్లగా ఉండే చోట జూన్ మొదటి వారం దాకా ఉన్నారు. 1936లో మరోసారి వచ్చారు. ఆయన పేరు పెట్టిన గాంధీ నిలయం ఇప్పటికీ కొండ మీద ఉంది.

ఆయన ఇక్కడ సేదదీరుతున్న రోజుల్లో ‘నవజీవన్’ పత్రికలో ఆయన ఆత్మకథ వారం వారం వస్తోంది. 1925 నవంబరులో మొదలై 1929 ఫిబ్రవరి దాకా సాగిన ఆ రచనలో, ఒక స్నేహితుడిచ్చిన పుస్తకం గురించి ఒక అధ్యాయం ఉంది. పుస్తకాల బహుమతి అన్న మాట ఎక్కడ విన్నా నాకు ముందు గుర్తొచ్చేది అదే.

1904 నాటి మాట. గాంధీ అప్పటికి జొహానెస్‌బర్గ్‌లో మంచి రాబడి ఉన్న వకీలు. ఆయన నడిపిస్తూ డర్బన్‌లో అచ్చవుతున్న ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక లెక్కలు అస్తవ్యస్తంగా ఉన్నాయని, లాభం మాట దేవుడెరుగు నష్టమే మిగిలేలా ఉందని అక్కడ అచ్చుపని చూస్తున్న ఆల్బర్ట్ వెస్ట్ రాశాడు. గాంధీ బయలుదేరారు. సాగనంపడానికి స్టేషన్‌కు వచ్చిన స్నేహితుడు హెన్రీ పోలాక్ దారిలో చదువుకోమని ఒక పుస్తకం చేతిలో పెట్టాడు, మీకు తప్పకుండా నచ్చుతుందని చెప్పి మరీ. జాన్ రస్కిన్ ‘అన్‌టు దిస్ లాస్ట్’ అది. గాంధీ అంతకు ముందు రస్కిన్ పుస్తకమేదీ చదవలేదు. చదువుకునే రోజుల్లో పాఠ్యపుస్తకాలు దాటి చదివింది తక్కువ. పనిలో పడ్డాక తీరికే లేదు. ఇరవై నాలుగు గంటల ప్రయాణం. తెరిచిన పుస్తకం కింద పెట్టలేకపోయారు. సాయంత్రానికి డర్బన్ చేరారు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

అందులోంచి ఆయన మూడు సంగతులు గ్రహించారు. అందరి మేలులోనే ఒక్కొక్కరి మేలూ ఉంది. పని చేసుకుని బతికే హక్కు అందరిదీ కాబట్టి వకీలు పనికీ మంగలి పనికీ విలువ ఒక్కటే. సేద్యగాడి బతుకు, చేతిపని వాడి బతుకు, అవే బతకదగ్గ బతుకులు. మొదటిది ముందే తెలుసుననీ, రెండోది మసకగా తోచిందనీ, మూడోది ఎన్నడూ తట్టలేదనీ ఆయనే రాశారు. ఈ మాట నన్ను చాలాకాలంగా వదలడం లేదు. మన డబ్బుతో మనం కొనుక్కునేటప్పుడు చేయి తెలిసినదాని మీదికే పోతుంది. ఎన్నడూ తట్టనిది మన ముందుకు రావాలంటే, మనల్ని ఎరిగిన ఇంకో మనిషి పూనుకోవాలి.

పోలాక్ ఎరిగినవాడే. జొహానెస్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు గాంధీ పత్రికలకు రాసిన ఉత్తరం చదివి, శాకాహార భోజనశాలలో తనంత తానుగా వచ్చి పలకరించాడు. స్నేహానికి ఇంకా ఏడాది నిండలేదు. అయినా ఆ వకీలు మనసు ఎటు మొగ్గుతోందో పసిగట్టాడు. ఇచ్చిన సమయమూ చూడండి. డబ్బు చిక్కులు తలలో పెట్టుకుని ఒక పగలూ రాత్రీ రైల్లో కూర్చోబోయే మనిషికి, డబ్బునూ శ్రమనూ వేరే తక్కెడలో తూచే పుస్తకం ఇచ్చాడు.

పుట్టిన చోట ఆ రచనకు దక్కింది చీవాట్లే. 1860లో ‘కార్న్‌హిల్’ పత్రికలో వ్యాసాలుగా వస్తుంటే పాఠకులు మండిపడ్డారు. సంపాదకుడు థాకరే నాలుగింటితో ఆపించేశాడు. 1862లో పుస్తకమైంది. నలభై ఏళ్లు దాటాక ఆఫ్రికా రైల్లో దానికి తగిన పాఠకుడు దొరికాడు.

ఆ పాఠకుడు చదివి ఊరుకోలేదు. అదే ఏడాది డర్బన్‌కు పద్నాలుగు మైళ్ల దూరాన ఫీనిక్స్‌లో నూరెకరాల నేల తీసుకుని, అచ్చుయంత్రాన్ని అక్కడికే తరలించారు. పని చేసేవాళ్లకు తేడా లేకుండా నెలకు మూడు పౌండ్ల జీతం అనుకున్నారు. 1908లో రస్కిన్ సారాన్ని ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలో చెప్పారు. 1910లో బొంబాయి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1919 ఏప్రిల్ 6 సాయంత్రం, ఆ నిషేధాన్ని ధిక్కరిస్తూ, గాంధీజీ, సరోజినీ నాయుడు బొంబాయి వీధుల్లో ‘హింద్ స్వరాజ్’, ‘సర్వోదయ’ అమ్మారు. వెల నాలుగణాలు. జనం ఐదు, పది రూపాయల నోట్లు ఇచ్చి కొన్నారు. ఒక ప్రతికి యాభై రూపాయలు వచ్చిందట. కొన్నవాళ్లకు జైలు తప్పకపోవచ్చని తెలుసు.

మళ్లీ బహుమతి మాటకొస్తే, 2021లో కర్ణాటక ప్రభుత్వం అధికారిక సభల్లో పూలగుత్తులు, శాలువలు మాని కన్నడ పుస్తకాలు ఇవ్వమని చెప్పింది. చక్కటి నిర్ణయం. కాకపోతే ఎవరి చేతికి వెళ్తుందో చూడకుండా కట్టలుగా కొన్న పుస్తకం వేదిక దిగగానే అలమర ఎక్కుతుంది. పోలాక్ చేసిన పనిలో సగమే అందులో ఉంది.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు ఇచ్చేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. ఇక్కడ ఎన్నో ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. అనర్గళంగా తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. చింతామణి దగ్గరి కైవారం దీనికి ఎప్పుడో దారి చూపింది. జనం కైవార తాతయ్య అని పిలుచుకునే యోగి నారేయణ గాజులమ్ముకుని బతికారు. 18వ శతాబ్దంలో పుట్టి తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ఆయన తెలుగు తత్వాలు కన్నడ లిపిలో అచ్చయి ఈ ఇళ్లకు చేరాయి.

అటువంటి పుస్తకమే చింతామణిలో మా పెద్దమ్మ నాకిచ్చింది. భక్తి పుస్తకం, పైగా కన్నడ లిపి. నాకు నచ్చుతుందని అనుకోలేదు. తలకట్టు తేడాకు కళ్లు అలవాటుపడ్డాక పైకి చదవడం మొదలుపెట్టాను. మా ఇంటి పెద్దల తెలుగు నా నోట్లోంచే నాకు వినపడింది. గాజుల మలారంతో గడప గడపా తిరిగిన మనిషి, పైపై ఆచారాల డాబును నిలదీసి లోపలికి చూసుకోమంటుంటే వదల్లేకపోయాను. పెద్దవాళ్ల నోట వచ్చే పాత మాటలు నేను కాగితాల మీద రాసిపెట్టుకోవడం పెద్దమ్మ ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. అందుకే ఇచ్చింది.

ఈ దసరాకు ఒక ప్రతి హిందూపురంలోని నా స్నేహితుడికి ఇస్తున్నాను. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఆయన. కన్నడం చదవడం రాదు. కన్నడ అక్షరాల పక్కనే తెలుగు అక్షరాలు వరుసగా రాసిన కాగితం ఒకటి మొదటి పేజీలో పెట్టాను.