గర్భిణీ దశలో చనుమొనల సంరక్షణ

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చీ అనే పల్లె ఉండేది. ఉక్కు కర్మాగారం వెలసిన తరువాత, 1919లో, ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా, హిందీ మాటలాడే కుటుంబాల సరసన శ్రీకాకుళం వైపు నుంచి పనికి వెళ్ళిన తెలుగు కుటుంబాలూ అక్కడ స్థిరపడ్డాయి. కర్మాగారంలోని స్త్రీ కార్మికులకు 1928లోనే ప్రసూతి సౌకర్యం లభించింది. దేశమంతటికీ వర్తించే చట్టం 1961లో వచ్చింది. 2017 సవరణతో మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలయింది. అయితే సెలవు ఎంత ఉన్నా, చనుమొనలు పగిలి, ఆ బాధకు ఓర్వలేక తల్లి పాలివ్వడం మానుకుంటే బిడ్డకు కలిగే నష్టాన్ని ఏ చట్టమూ పూడ్చలేదు.

ఈ పగుళ్ళను ముందుగానే నివారించాలన్న సదుద్దేశంతో పుట్టిన సలహా ఒకటి చాలా ఇళ్ళలో వినబడుతుంది. చనుమొనలను గర్భిణీ దశలోనే రుద్ది గట్టిపరచుకోవాలట! తెలుగువారికి సున్నిపిండి, హిందీవారికి ఉబటన్, మరొకరికి ముతక తువాలు. ఇది కేవలం పెద్దమ్మల నమ్మకమని నవ్వి ఊరుకోవడం న్యాయం కాదు. పాశ్చాత్య ప్రసూతి గ్రంథాలు సైతం ముతకగుడ్డతో రుద్దమనీ, స్పిరిట్ పూయమనీ చాలాకాలం బోధించాయి. లోనికి పోయిన చనుమొనలను వేళ్ళతో సాగదీసే వ్యాయామం కూడా అలాంటిదే. 1992లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక పరిశోధన దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది.

అసలు జరిగేదేమిటి? గర్భం నిలిచిన కొద్ది వారాలకే ఈస్ట్రోజన్, ప్రొజెస్టరోన్ హార్మోనుల ప్రభావంచేత రొమ్ములకు రక్తప్రసరణ హెచ్చుతుంది. చనుమొనలు తాకితేనే నొప్పి పుడుతుంది. వాటి చుట్టూ ఉన్న వలయం నల్లబడి, దానిపై చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. అవి వ్యాధి కావు. 1837లో ఐర్లండ్ వైద్యుడు మాంట్‌గోమరీ వర్ణించిన గ్రంథులవి. వాటినుంచి ఊరే జిడ్డు చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. సబ్బు, పిండి, స్పిరిట్ ఆ జిడ్డును కడిగివేస్తాయి. ప్రకృతి పూసిన లేపనాన్ని తుడిచివేసి, పగుళ్ళు వచ్చాయని మరొక లేపనం కొనడం వింత కాదా?

కనుక స్నానవేళ ఆ భాగానికి మంచినీరు చాలు. రుద్దక, మెత్తగా అద్ది ఆరనివ్వాలి. బిగుతు రవికలు మాని, పెరిగిన కొలతకు తగిన నూలు లోదుస్తులు ధరించాలి. చెమట పట్టే వేసవిలో వాటిని తరచు మార్చాలి. నెలలు నిండుతున్నప్పుడు ముర్రుపాలు కారి, ఎండి, బట్ట అతుక్కుంటే, నీటితో తడిపి తీయాలేగాని లాగరాదు. చర్మం పొడిబారితే శుద్ధమైన కొబ్బరినూనె గాని, ఉన్ని పడనివారు తప్ప మిగిలినవారు లానోలిన్ గాని పలుచగా రాయవచ్చు. ఆవనూనె చర్మాన్ని మండించవచ్చు. ఎడపిల్ల ఇంకా పాలు తాగుతుంటే నొప్పి హెచ్చుగా ఉంటుంది. అప్పుడు వైద్యుని సలహా పొందడం మేలు. చనుమొనలను అదేపనిగా ప్రేరేపిస్తే ఆక్సిటోసిన్ విడుదలై గర్భాశయం ముడుచుకొనవచ్చు. నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదమున్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

మానని పుండు, రక్తస్రావం, గడ్డ, జ్వరంతో కూడిన ఎరుపు కనిపిస్తే ఇంటివైద్యం తగదు. ముఖ్యంగా ఒక్క చనుమొనపైనే పొలుసులు లేచి తగ్గకపోతే పరీక్ష అవసరం. అరుదుగా అది పేజెట్ వ్యాధి అనే కాన్సర్ కావచ్చు. డాక్టరుతో చెప్పుకొనుటకు బిడియపడే స్త్రీలు ఆశా కార్యకర్తతో చెప్పవచ్చు. జార్ఖండ్‌లో ఆమెను ‘సహియా’ అంటారు, అంటే నేస్తం.

కాన్పు తరువాత వచ్చే పగుళ్ళకు ముఖ్యకారణం బిడ్డ సరిగా పట్టకపోవడమే. చనుమొన ఒక్కటే గాక నల్లని వలయంలో చాలాభాగం బిడ్డ నోటిలోకి పోవాలి. గడ్డం రొమ్మును తాకాలి. నొప్పి పుడితే లాగివేయక, నోటిమూలన చిటికెనవేలు దూర్చి పట్టు విడిపించి మళ్ళీ పట్టించాలి. అప్పటికీ భరించలేనివారు పగులు మానేదాకా పాలు పిండి, శుభ్రమైన చిన్న గిన్నెతో పట్టవచ్చు.