పేగులో తొడుగు, నెత్తురులో ఇనుము

“ఇంత ఒళ్ళుంది, రక్తం తక్కువేమిటి?” అనే మాట మన ఇళ్ళల్లో మామూలే. కానీ ఒళ్ళూ, రక్తహీనతా ఒకే మనిషిలో ఉండొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒడిశాలో 15-49 ఏళ్ళ మహిళల్లో 64.3 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే బరంపురంలో గానీ, గంజాం పల్లెల్లో గానీ బరువు తగ్గించే పేగు తొడుగు మాట వస్తే ముందు అడగాల్సింది కిలోల గురించి కాదు, ఇనుము గురించి.

ఈ తొడుగుల్లో పేరున్నది ఎండోబారియర్. పలచటి ప్లాస్టిక్ గొట్టం, పొడవు 60 సెంటీమీటర్లు. పై కొసన నిటినాల్ లోహంతో చేసిన చిన్న పట్టు, దానికి ముళ్ళు. కోత లేకుండా నోటి గుండా దింపి, జీర్ణాశయం దాటగానే ఆ ముళ్ళను పేగు గోడకు గుచ్చుతారు. ఏడాది లోపు నోటి గుండానే బయటికి తీస్తారు. తిన్నది గొట్టం లోపలి నుంచి జారిపోతుంది. పైత్యరసం, క్లోమరసం గొట్టానికీ పేగు గోడకూ మధ్య సందులోంచి దిగుతాయి. ఆహారమూ ఆ రసాలూ కలుసుకునేది గొట్టం చివరనే.

దీనివల్ల బరువు, షుగరుతో పాటు మొత్తం కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. ట్రైగ్లిజరైడ్ల విషయంలో మాత్రం ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా లేవు. తొడుగు తీశాక చాలామందికి బరువు కొంత తిరిగొచ్చింది.

చిక్కు మరోచోట ఉంది. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదట్లో ఉండే, జానెడు పైచిలుకు పొడవున్న ఆంత్రమూలంలో. తొడుగు కప్పేది సరిగ్గా దాన్నే! కాల్షియం, ఫోలిక్ ఆమ్లం లోపలికి వెళ్ళే దారి కూడా ముఖ్యంగా ఆ పైభాగమే. బి12 సంగతి వేరు, అది చిన్నపేగు చివర్లో పడుతుంది. తొడుగు వేసుకున్నవారిలో ఇనుము నిల్వను చెప్పే ఫెర్రిటిన్ తగ్గడం కనిపించింది. ముళ్ళు గుచ్చుకున్నచోట కొందరికి నెత్తురు కారడమూ జరుగుతుంది. అసలే నెత్తురు తక్కువగా ఉన్న ఇల్లాలికి ఇది చిన్న విషయం కాదు.

ఇనుము ఒక్కటే కాదు, తొడుగు వేసుకున్నవారిలో 3.5 శాతం మందికి కాలేయంలో చీముగడ్డలు రావడంతో అమెరికాలో ఎండోబారియర్ మీద జరుగుతున్న ప్రయోగాన్ని 2015లో ఆపేశారు. 2017లో యూరప్‌లో దాని అనుమతి పోయింది. అయినా ఇలాంటి తొడుగుల మీద పరిశోధన ఆగలేదు. కాబట్టి రేపు ఎవరైనా దీన్ని సూచిస్తే, హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఫెర్రిటిన్ కూడా తొడుగు వేయకముందు ఒకసారి, వేశాక మళ్ళీ మళ్ళీ చూడమని అడగాలి.