పాత లారీ ముందు టైరు ఒకవైపే ఎందుకు అరుగుతుంది?

టైరు అరిగిన తీరును బట్టి లోపం ఎక్కడుందో చెప్పొచ్చు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ. ఒక అంచే అరిగితే చక్రం పక్కకు వాలి ఉండొచ్చు, లేదా ముందు చక్రాలు రెండూ సమాంతరంగా లేకపోవచ్చు.

సమాంతరం తప్పిన చక్రం దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. రబ్బరు రంపపు పళ్లలా అరుగుతుంది. ఆగి ఉన్న బండి టైరును అడ్డంగా నిమిరితే ఒకవైపుకు నున్నగా, తిరుగు దిశలో గరుకుగా తగులుతుంది. తీగలు తేలిన టైరును మాత్రం ముట్టుకోకూడదు.

పాత బండిలో ముందు చక్రాలు కుడిఎడమలకు తిరిగేందుకు ఆధారమైన కింగ్‌పిన్‌లు, చక్రాల బేరింగులు వదులవుతాయి. దాంతో చక్రం ఇలా వాలొచ్చు, సమాంతరం తప్పొచ్చు. మెకానిక్ ఇరుసును జాకీతో లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపుతాడు. బ్రేక్ తొక్కిపట్టినప్పుడు కదలిక ఆగితే లోపం బేరింగుది. ఆగకపోతే కింగ్‌పిన్‌ను అనుమానించాలి. అరిగిన భాగాలు మార్చాకే అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే ఆ కొలత నిలవదు.