పైమెట్టు ఎక్కిన క్లబ్బు – అభిమానుల ఆవేదన
ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు దారిలో, గుండుగొలను పరిసరములందు వరి పండించువారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. నారుమడిలో ఏపుగా పెరిగిన నారు, ఊడ్చిన తరువాత కొన్నాళ్ళు వాడి, పసుపువారి కనిపించును. అంతమాత్రమున అది చచ్చినదని ఏ రైతును చేను దున్నివేయడు. వేళ్ళు కొత్త మట్టిని పట్టి మూన తిరుగుటకు గడువు కావలెనని ఆతడెరుగును. అయితే ఆ గడువులో నీరును, ఎరువును అందనిచో ఎంత మేలైన నారైనను నిలువదు. ఫుట్‌బాల్ ఆటలో క్రింది శ్రేణి నుండి పై శ్రేణికి ఎక్కిన క్లబ్బు స్థితియు ఇట్టిదే.

పెక్కు దేశములలో ఫుట్‌బాల్ లీగులు మెట్లవలె అమరియుండును. క్రింది మెట్టున గెలిచినవారు పైకెక్కుదురు. పైమెట్టున చివర నిలిచినవారు దిగుదురు. మన దేశమున 2014లో ఆరంభమైన ఇండియన్ సూపర్ లీగుకు చాలకాలము ఇట్టి మెట్లు లేవు. 2022–23లో ఐ-లీగు గెలిచిన పంజాబు జట్టు ఆటలో నెగ్గి పైకెక్కిన మొదటి క్లబ్బు అయినది. మరుసటి యేడు కలకత్తా మొహమ్మదన్ స్పోర్టింగు ఆ దారినే వచ్చినది. ఈ రెండేండ్లును రెండవ స్థానముతో గుమ్మము కడ ఆగిపోయినది మన హైదరాబాదునకు చెందిన శ్రీనిధి దక్కన్ క్లబ్బు.

మొహమ్మదన్ చరిత్ర ఎరిగినవారికి ఆ యేటి ఆశ ఎంతటిదో తెలియును. 1891లో పుట్టిన ఈ క్లబ్బు కలకత్తా లీగు మొదటి శ్రేణిలో అడుగిడిన తొలియేటనే, 1934లో, విజేతగా నిలిచినది. ఆ లీగును గెలిచిన మొదటి భారతీయ జట్టు అదియే. 1938 వరకు వరుసగా ఐదేండ్లు ఆ గౌరవమును నిలుపుకొన్నది. తొంబదియేండ్ల తరువాత మరల పైమెట్టు ఎక్కినపుడు తాతలనాటి ముచ్చట తిరిగి చూతుమని అభిమానులు తలచుట సహజమే గదా! కాని 2024–25లో జరిగినది వేరు. ఆడిన ఆటలు 24, గెలిచినవి 2, సమమైనవి 7, ఓడినవి 15. పదుమూడు జట్లలో పదుమూడవ స్థానము. 2024 అక్టోబరులో స్వంత ఊరిలోనే హైదరాబాదు జట్టు చేతిలో నాలుగు గోలులు తిని, ఒక్కటియు వేయలేక ఓడినది.

ఇట్లేల జరుగును? మొదటి కారణము ఆటలోనే యున్నది. క్రింది శ్రేణిలో రక్షకుడు ఒక అడుగు ఆలస్యమైనను ప్రత్యర్థి గురి తప్పును. పై శ్రేణిలో అదే పొరపాటు గోలగును. జట్టు చెడిపోలేదు, ఎదుటివారు పెరిగినారు. రెండవ కారణము ధనము. పైనున్న క్లబ్బులు ఏండ్ల తరబడి ఆటగాండ్రను కూర్చుకొన్నవి. కొత్తగా వచ్చినవారికి చిక్కునది ఒక్క వేసవి. పైగా మొహమ్మదన్‌లో జీతములు సరిగా అందలేదు. లీగు గెలిపించిన శిక్షకుడు చెర్నిషోవ్ 2025 జనవరిలో విడిచిపోయినాడు. మూడవది మనస్సు. గెలుపునకు అలవాటుపడిన జట్టు వరుసగా ఓడినపుడు, ముందు గోలు తినకుండుటయే లక్ష్యమై, గోలు వేయు ధైర్యము సన్నగిల్లును.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టము కాదు. ఇంగ్లండులో 2023–24లో పైకెక్కిన మూడు జట్లు – బర్న్‌లీ, షెఫీల్డ్ యునైటెడ్, లూటన్ – ఆ యేడే దిగిపోయినవి. మరుసటి యేడు లెస్టర్, ఇప్స్‌విచ్, సౌతాంప్టన్‌లకును అదే గతి. ఎక్కిన యేటనే విజేతలైన 1977–78 నాటి నాటింగ్‌హామ్ ఫారెస్టు, 1997–98 నాటి జర్మనీ జట్టు కైజర్స్‌లౌటర్న్ వంటివి అరుదు. అరుదు కనుకనే కథలుగా చెప్పుకొనుచున్నారు. అభిమాని దుఃఖమునకు మూలమిదియే: ఆతడు తన జట్టును ఆ కథలతో పోల్చును గాని, సాధారణముగా జరుగు దానితో పోల్చడు.

మరి ఓటమిని ఎట్లు చదువవలెను? రైతు పసుపువారిన ఆకునుగాక మొదలును చూచును. ఓటములు ఒక గోలు తేడాతోనా, నాలుగింటితోనా? కుర్రవాండ్రకు ఆడు అవకాశము దొరకుచున్నదా? అన్నిటికంటె ముఖ్యముగా, జీతములు నెలనెలా అందుచున్నవా? ఇవి సరిగా నున్నచో చివరి స్థానమైనను మూన తిరుగకముందరి వాడుదలయే. ఇవి లేనిచో అది నీరెండిన చేను.

ఈ తారతమ్యమునకు హైదరాబాదే సాక్షి. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు అచ్చటిది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతదేశమునకు స్వర్ణము తెచ్చిన శిక్షకుడు రహీమ్ అచ్చటివాడు. అట్టి నగరమున 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్.సి. తొలియేడు అందరికంటె క్రింద నిలిచినది. అయినను మూన తిరిగి, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి కప్పు గెలిచినది. తరువాత జీతములు నిలిచి, ఆటగాండ్రు విడిచిపోగా, 2023–24లో 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచినది. 2025లో ఆ క్లబ్బును ఢిల్లీకి తరలించి, పేరును సైతము మార్చివేసిరి. తొలినాటి చివరి స్థానము ఎదుగుదలలో ఒక మెట్టు. మలినాటి చివరి స్థానము ముగింపునకు ముందు హెచ్చరిక. అంకెలు చూచిన రెండును ఒకటే.

కావున తన జట్టు చివర నిలిచినదని చింతించు అభిమాని గోలుల లెక్కతో ఆగరాదు. ఆటగానికి కూలి దక్కినదా, పిల్లలకు మైదానము దక్కినదా యని యజమానులను అడుగవలెను. అట్లు అడుగు హక్కు టికెట్టు కొన్న ప్రతివానికిని గలదు. ఓడిన జట్టు మరుసటి యేడు గెలువవచ్చును. ఊరు విడిచిపోయిన జట్టు కొరకు ఆశపడుటకైనను తావుండదు.