ఫోను అప్పులు - విద్యార్థుల రక్షణ

మన గ్రామముల నుండి పట్టణములకు పోయి చదువుకొనుచున్న విద్యార్థులలో కొందరు, ఇంటివారిని అడుగలేక, ఫోనులోని అప్పుల యాప్‌లను ఆశ్రయించుచున్నారు. దొంగ యాప్‌లవారు పూచీ అడుగరు, పత్రము అడుగరు. ఫోనులోని పేర్ల జాబితాను, ఫొటోలను మాత్రము చూడనిమ్మందురు. పిమ్మట బంధువులకు చెప్పెదమనియు, ఫొటోలను వికృతముగా మార్చి పంపెదమనియు బెదరింతురు.

భారత రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము అప్పుల యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితాను, ఫొటోలను తాకరాదు. వాటిని అడుగు యాప్‌ను దూరముగా ఉంచవలెను. బెదరింపు వచ్చినయెడల సొమ్ము పంపరాదు, సందేశములను చెరపరాదు, వెంటనే 1930 నంబరుకు తెలుపవలెను.

అయితే బిడ్డ నోరు విప్పిననే గదా సాయము అందుట! ఇంట తిట్లు, వీధిలో నవ్వులాటలు కలుగునను భయమే ఆ నోటిని మూయుచున్నది. కావున పంచాయతీ సభ్యులకు మేము చేయు మనవి ఇది: విద్యార్థులు సెలవులకు వచ్చినపుడు గ్రామసభలో ఈ సంగతి చర్చింపుడు. 1930 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు. మోసపోయిన బిడ్డను నిందింపక, పోలీసు స్టేషనుకు మీరే తోడుగా వెళ్ళుడు.