లప్పం కింద అంబాసిడర్

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో ఒకప్పటి విడి ఇళ్లు చాలావరకు అపార్ట్‌మెంట్లయ్యాయి. వాటి పోర్టికోల్లో నిలిచిన అంబాసిడర్లలో ఒకటీ అరా ఇప్పుడు సెల్లార్ మూలన కవర్ కప్పుకొని ఉన్నాయి. కొంచెం టింకరింగ్, ఆపైన పెయింటు, అంతే కదా అని చెయ్యి పెట్టేవాళ్లు ముందు ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోవాలి. పలుచటి గుడ్డ చుట్టి కారంతా తడిమితే, అది పట్టు వదిలిన చోట రేకు ఎప్పుడో పోయింది, ఉన్నదంతా లప్పమే.

ఈ కారు పుట్టిల్లు ఇంగ్లండు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1957లో హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో దీన్ని తయారు చేయడం మొదలుపెట్టింది. 2014 మేలో ఆపేసేదాకా ఇంజన్లు మారాయి, గ్రిల్ మారింది, డ్యాష్‌బోర్డూ మారింది. ఆ గుండ్రటి ఒళ్లు మాత్రం పెద్దగా మారలేదు.

ఆ ఒళ్లే దానికి ఎముకలు కూడా. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌లో చాసీ ఒకరిది, దాని మీది బాడీ బార్కర్ అనే లండన్ కంపెనీది. ఒకదాని మీంచి ఒకటి ఎత్తి బాగుచేసుకోవచ్చు. అంబాసిడర్‌కు విడి చాసీ లేదు. ఫ్లోరు, తలుపుల కింది గడపలు, స్తంభాలు, టాపు కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె అది. బరువు మోసేది ఆ పెట్టే. గడపలు తుప్పు తినేసిన కారును జాకీ మీద లేపి చూడండి, తలుపులు సరిగా పడవు.

ఇక తుప్పు. గాలీ నీళ్లూ బాగా తగిలే బానెట్ ముందు పోవాలి కదా? కానీ ముందు పోయేవి రేకు మీద రేకు అతికిన సందులు. ఆక్సిజన్ తక్కువ అందే లోపలి ఇనుము కరుగుతుంది, ఎక్కువ అందే బయటి ఇనుము దాన్ని కరిగిస్తుంది. మధ్యలో ఉన్న చెమ్మ బ్యాటరీ పని చేస్తుంది. ఆ నీళ్లలో ఉప్పుంటే ఇంకా వేగం. ఈ లెక్కన విశాఖ బీచ్‌ రోడ్డు కారు కంటే మన కారుది అదృష్టమే. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటు బుడగలా లేస్తుంది. బుడగ కనబడిందంటే లోపల పని చాలాదూరం వెళ్లిందన్నమాట. చెట్టు కింద నిలిపిన కారులో ఆకులు చేరి నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోతాయి, గడపలు లోపలినుంచి పోతాయి.

ఇంట్లో చేసేవాళ్లు బ్యాటరీ వైర్లు తీసి, పెట్రోలు ట్యాంకు విప్పి పక్కన పెట్టాకే వెల్డింగ్ జోలికి వెళ్లాలి. గడప కోసేముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప కమ్మీ బిగించాలి, లేకపోతే పెట్టె వంగుతుంది. పాత రేకును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసి, కొత్త ముక్కను చుక్కలు చుక్కలుగా, ఒకసారి ఈ కొసన, ఒకసారి ఆ కొసన అతకాలి. ఒకేచోట వేడెక్కితే పలుచటి రేకు మెలికపడుతుంది. జింకు పూత రేకైతే పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి జ్వరం ఖాయం. లప్పంలో టాల్కు పొడి ఉంటుంది, అది చెమ్మ పీలుస్తుంది. ప్రైమర్ లేకుండా నీళ్లతో ఎమ్రీ పేపరు రుద్దేవారి మీద నాకు జాలి.

ఇక రోడ్డెక్కించడం. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కారును కొత్తగా రిజిస్టర్ చేయించి 20,000 రూపాయలు కడితే ‘విఎ’ అక్షరాలున్న నంబరు, పదేళ్ల గడువు. బాడీ షెల్‌లోనో చాసీలోనో ఇంజన్‌లోనో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ర్యాలీలకూ ప్రదర్శనలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ రోడ్డెక్కవచ్చు. రోజూ అమీర్‌పేటకు కూరగాయలకు వెళ్లాలనుకునేవారికి మాత్రం ఆ నంబరు పనికిరాదు.