తీరని దాహం: ఎం.ఆర్.ఐ. ఏమి చూపగలదు?

బిడ్డ పదే పదే నీళ్లడుగుతూ, రాత్రివేళ పలుమార్లు మూత్రానికి లేస్తుంటే పెద్దలకు ముందుగా తోచేది చక్కెర వ్యాధి. రక్తపరీక్షలో చక్కెర సరిగానే ఉన్నదని తేలగానే, అది అలవాటేనని ఊరుకోవడం కద్దు. అలా ఊరుకోరాని కారణాలలో ఒకటి లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ అనే అరుదైన వ్యాధి.

ఇది అంటువ్యాధి కాదు. రక్షణవ్యవస్థకు చెందిన కొన్ని కణాలు అదుపుతప్పి ఎముకలలో, చర్మంలో, ఇతర అవయవాలలో గుమిగూడుతాయి. తలపై మెత్తని వాపు, మానని చెవిపోటు లేదా చీము, మొండి పొక్కులు దీని లక్షణాలు కావచ్చు.

మెదడు అడుగున పీయూష గ్రంథి సన్నని కాడకు వేలాడుతూ ఉంటుంది. నీటిని నిలుపుకొమ్మని మూత్రపిండాలను ఆదేశించే వాసోప్రెసిన్ అనే హార్మోను ఆ కాడ గుండానే దిగి, గ్రంథి వెనుకభాగంలో నిలువ ఉంటుంది. వ్యాధికణాలు కాడలో చేరితే హార్మోను కొరవడి, మూత్రం నీళ్లవలె పోతుంది. దీనిని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. పేరులో డయాబెటిస్ ఉన్నా దీనికి చక్కెరతో సంబంధం లేదు. ఇట్టి బిడ్డకు నీళ్లు మాన్పించడం ప్రమాదకరం.

ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో, రేడియో తరంగాలతో పనిచేస్తుంది, ఎక్స్‌రే కిరణాలుండవు. ఆరోగ్యవంతుల చిత్రంలో గ్రంథి వెనుకభాగం సాధారణంగా తెల్లని చుక్కవలె మెరుస్తుంది. ఈ వ్యాధిలో ఆ చుక్క మాయమై, కాడ లావెక్కి కనిపించవచ్చు. అయితే క్షయ, కొన్ని కణితులు కూడా కాడను అలాగే లావెక్కిస్తాయి. అంటే ఎం.ఆర్.ఐ. చోటు చూపుతుంది, వ్యాధి పేరు తేల్చదు. సులభంగా అందే ఎముక నుండో చర్మం నుండో తీసిన ముక్కను బయాప్సీ చేసి నిర్ధారిస్తారు. సుమారు సగం మందిలో బ్రాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని 2010లో వెల్లడైంది. ఆ మార్పును అడ్డుకునే మందులు నేడున్నాయి.

తొలి చిత్రం మామూలుగా ఉన్నా, లక్షణాలు తగ్గకుంటే వైద్యులు కొన్ని నెలలకు మళ్లీ తీయిస్తారు. కనుక పాత ఫిల్ములను, నివేదికలను భద్రపరచాలి. శరీరంలో లోహపు పరికరాలున్నా, మూత్రపిండాల జబ్బున్నా ముందే తెలపాలి. చిన్నపిల్లలకు మత్తు ఇచ్చేటప్పుడు కొన్ని గంటలు ఏమీ తాగరాదంటారు. అతిదాహం గల బిడ్డ విషయంలో ఆ సంగతిని వైద్యులకు ముందుగానే చెప్పి, వారి సూచన ప్రకారమే నడుచుకోవాలి.